వెల్లుల్లి సాక్ష్యం

తమాలగిరి కోటకు పన్నెండు బురుజులు. బురుజు బురుజుకీ బంగారు కలశం, కలశం కొసన వెండి చంద్రవంక. కొండ నడుము చుట్టూ తమాల వృక్షాలు నల్లటి పట్టుచీర కుచ్చిళ్ళలా జారి ఉంటే, వాటి పైన తెల్లటి కోట పాలు పొంగి ఆగినట్టు కనిపించేది. గోడల సున్నంలో ముత్యపు చిప్పలు దంచి కలిపారని ప్రతీతి. ఎండ పడినప్పుడు ఆ గోడలను తిన్నగా చూడగలిగినవాడు ఆ రాజ్యంలో లేడు.

ఆ కొండ పడమటి చివర గాలిలోకి పొడుచుకు వచ్చిన రాయి ఒకటి ఉంది. దాని పేరు గద్దముక్కు. దాని కింద మూడు వందల నిలువుల లోయ. ఆ మధ్యాహ్నం ఆ రాయి మీద గవరమ్మ అనే వంటమనిషి కూర్చుని ఉంది.

మూడు రోజుల కిందట, పౌర్ణమి నాడు, మహామంత్రి సుమేధుడు గవరమ్మ వండిన పెసర పాయసం తాగి, గొంతు మంట అంటూ పడిపోయి, గడియ తిరక్కుండా కన్నుమూశాడు. విషం పెట్టింది వంటమనిషేనని తీర్పు చెప్పారు. సూర్యాస్తమయపు నగారా మొదలవగానే ఆమెను గద్దముక్కు అంచున నిలబెట్టి, నగారా ఆగేలోగా లోయలోకి తోసెయ్యాలి. ఆమె కాదంటే అసలు దోషిని తెచ్చి, ఆ నగారా ఆగేలోగానే అక్కడ నిలబెట్టాలి. తీర్పు చాటింపు వేశాక గద్దముక్కును ఖాళీగా వదిలే అధికారం మహారాజుకు కూడా లేదు. తమాలగిరి చట్టం అంత గట్టిది.

తలారి మల్లడు మాత్రం అంత గట్టివాడు కాడు. రాయి కాలుతోందని తన ఉత్తరీయాన్ని నాలుగు మడతలు పెట్టి గవరమ్మ కింద పరిచాడు. ఇంటి నుంచి ముంతెడు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

"అమ్మా, అంచుకి మరీ దగ్గరగా కూచున్నావు. కాస్త ఇవతలికి జరుగు. పడిపోతావు."

"ఎటూ తోసేవాడివే కదరా?"

"అది సాయంత్రం మాటమ్మా," అన్నాడు మల్లడు నొచ్చుకుంటూ.

సరిగ్గా అదే వేళకు గవరమ్మ మేనల్లుడు సింగన్న, కావడికి రెండు నూనె బిందెలు తగిలించుకుని, మేక వెంట్రుకల గడ్డం అతికించుకుని, కోట తూర్పు ద్వారం ముందు నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

సింగన్న కంచరి. కొండ కింద పేటలో రాగి, కంచు కరిగించి బిందెలు, గంటలు పోస్తాడు. కత్తి పట్టడం రాదు, గుర్రం ఎక్కితే రెండో వైపు దిగుతాడు. తల్లి పోయిన నాటి నుంచి తనను పెంచిన మేనత్త ఎవరికీ విషం పెట్టదన్న సంగతి ఒక్కటే అతనికి తెలుసు. మంత్రి శవాన్ని కళ్ళారా చూస్తే ఏదైనా ఆధారం దొరక్కపోతుందా అని నూనెవాడి వేషం వేశాడు. మంత్రి కొడుకు దూరదేశం నుంచి వచ్చేదాకా శవాన్ని తైలపు తొట్టెలో ఉంచారు. ఆ తొట్టెకు రోజూ నూనె కావాలి.

అయితే కోటలోకి అడుగు పెట్టాలంటే నోటి పరీక్ష దాటాలి.

తమాలగిరి రాజులది చంద్రవంశం. చంద్రుడికి రాహువు పగవాడు. ఆ రాహువు మెడ తెగినప్పుడు నేల మీద పడ్డ నెత్తుటి చుక్కల నుంచి వెల్లుల్లి మొలిచిందని పెద్దల మాట. అందుకని ఆ కోటలో పదకొండు తరాలుగా వెల్లుల్లి నిషేధం. తినడమే కాదు, చూసినట్టుగానీ, వాసన ఎరిగినట్టుగానీ ఒప్పుకున్నా శిక్షే. సగం తల గొరిగి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, పన్నెండు బురుజులూ తిప్పుతారు.

సింగన్న ఆ ఉదయం గోంగూర పచ్చడి తిని ఉన్నాడు. అందులో పది రెబ్బలకు తక్కువ లేవు. దారిపొడుగునా కర్పూరం, లవంగాలు నములుతూనే వచ్చాడు.

"నోరు తెరు," అన్నాడు ద్వారపాలకుడు గుండప్ప.

సింగన్న దేవుణ్ణి తలచుకుని నోరు తెరిచాడు. గుండప్ప ముక్కు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

"కర్పూరం కొడుతోందేం?"

"పన్ను నొప్పండీ."

గుండప్ప అనుమానంగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి సింగన్న ముఖాన తగిలింది. అందులో వెల్లుల్లి కారం ఉంది. రాత్రి తిన్నది కాదు, ఇప్పుడిప్పుడే తిన్నది. సింగన్న కళ్ళు పెద్దవయ్యాయి. వాటిని చూసి గుండప్ప కళ్ళు అంతకంటే పెద్దవయ్యాయి. ఇద్దరూ రెప్ప వేయకుండా ఒకరినొకరు చూసుకున్నారు.

"పో, పో! వెనక జనం ఆగిపోతున్నారు," అన్నాడు గుండప్ప. వెనక ఒక్కడూ లేడు.

శీతలమందిరం నేల కింద ఉంది. చంద్రకాంతపు రాళ్ళు తాపిన గోడల నుంచి చెమ్మ సన్నగా కారుతోంది. పైకప్పు నుంచి వేలాడే ముప్పై రెండు వెండి ప్రమిదల వెలుగు నల్లరాతి తొట్టెలోని నూనెలో పడి, నక్షత్రాలను నానబెట్టినట్టుంది. ఆ నక్షత్రాల మధ్య సుమేధుడు నిద్రపోతున్నవాడిలా పడుకుని ఉన్నాడు. బతికినన్నాళ్ళూ ఎవరినీ ఒక్క మాట కసరని మనిషి. చనిపోయాక కూడా ముఖంలో విసుగు లేదు.

"అయ్యగారూ, ఒక్కసారి చెయ్యి చూస్తానండీ," అని అడిగి మరీ సింగన్న ఆ చేతిని నూనెలోంచి ఎత్తాడు.

బొటనవేలి గోటిని ప్రమిదల వెలుగుకు తిప్పాడు. గోటికి అడ్డంగా మూడు తెల్లగీతలు ఉన్నాయి. గీతకూ గీతకూ మధ్య వడ్లగింజ మందం ఎడం. మిగతా వేళ్ళు చూశాడు. పది గోళ్ళకూ అవే మూడు గీతలు.

కంచరుల పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ గీతలు నేర్పుతారు. రాగిరాయిలో ఒక్కోసారి పాషాణం కలిసి వస్తుంది. దాన్ని కొలిమిలో వేసినప్పుడు పొగ పీల్చినవాడికి కడుపు తిప్పుతుంది, గొంతు మండుతుంది. బతికి బయటపడితే కొన్నాళ్ళకు గోటి మొదట్లో తెల్లగీత పుడుతుంది. గోరు పెరిగేకొద్దీ ఆ గీత నెలకొక వడ్లగింజ మందాన పైకి జరుగుతుంది. సింగన్న తండ్రి తన గోళ్ళు చూపించి, "ఇదిగోరా, ఇది మాఘంలో చేసిన తప్పు, ఇది చైత్రంలో చేసింది. మనిషి మరిచిపోతాడు గానీ గోరు మరవదు," అనేవాడు.

మూడు గీతలంటే, మంత్రి ఒంట్లోకి నెలకొకసారి చొప్పున మూడుసార్లు పాషాణం వెళ్ళింది. నాలుగోసారి మోతాదు పెరిగి ప్రాణం తీసింది. గవరమ్మ కోట వంటశాలలో చేరి పన్నెండు రోజులే అయింది!

మంత్రి నడుము పట్టీలో చిన్న వెండి బరిణె మెరిసింది. మూత తీశాడు. తెల్లటి పొడి ఉంది. మూత మీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'ఆయుర్వృద్ధి భస్మం. ప్రతి పౌర్ణమికి చిటికెడు, పాలతో. దీర్ఘాయురస్తు. జటాఘంటుడు.'

అంతలో మెట్ల మీద గలగలమని గంటలు మోగాయి.

జటాఘంటుడు ఆస్థాన మాంత్రికుడు. తలకు నూట ఎనిమిది జడలు, జడకో ఇత్తడి చిరుగంట. ఆయన నడిస్తే రథం వచ్చినట్టుండేది, తల గోక్కుంటే పెళ్ళి జరుగుతున్నట్టుండేది. మర్నాడు ఉదయం సుమేధుడి స్థానంలో మహామంత్రిగా ప్రమాణం చేయబోయేది ఆయనే.

"ఎవడ్రా నువ్వు?"

"నూనెవాణ్ణి స్వామీ," అన్నాడు సింగన్న, బరిణె రొంటిన దోపుకుంటూ.

"నూనెవాడికి గడ్డం ఉందని చెప్పారే కావలివాళ్ళు! ఏదీ?"

సింగన్న గడ్డం తడుముకున్నాడు. నున్నగా తగిలింది. గుగ్గిలంతో అతికించిన గడ్డం నూనె తగిలి ఊడి, తొట్టెలో తేలుతూ పోయి, మంత్రిగారి చుబుకం దగ్గర ఆగింది.

"అది... మంత్రిగారిదండీ."

"మంత్రికి గడ్డం లేదు!"

"మూడు రోజులయింది కదండీ, పెరిగిందేమో."

జటాఘంటుడు కనుబొమలు ముడిచి తొట్టెలోకి ఒక్క క్షణం నిజంగానే చూశాడు. ఆ క్షణంలో సింగన్న రెండు బిందెలూ తన్నేశాడు. మందిరమంతా నూనె వరదైంది. మాంత్రికుడు కాలు జారి, నూట ఎనిమిది గంటలతో మోగుతూ వెల్లకిలా పడ్డాడు. అరుపులు విని దూకిన ఆరుగురు భటులు మెట్ల మీది నుంచి ఒకరి వెనక ఒకరుగా జారుకుంటూ వచ్చి ఆయన మీదే వాలారు. కింద నుంచే జటాఘంటుడు పళ్ళు కొరికి మంత్రం విసిరాడు. పచ్చటి మెరుపొకటి లేచింది. అది సింగన్న చెవి పక్క నుంచి దూసుకుపోయి, భటుల బల్లాలకు తగిలింది. ఆరు బల్లాలూ ఆరు పొట్లకాయలయ్యాయి.

సింగన్న మెట్లెక్కి పరుగు తీశాడు. వంటశాల దాటాడు, ఏనుగు కిందుగా దూరాడు, బొగ్గుల గంపలోంచి లేచి, ఆరేసిన అంతఃపురపు చీరల్లో చుట్టుకుని, మూడు రంగుల్లో కోటగోడ ఎక్కాడు. వెనక పొట్లకాయలు పట్టుకుని భటులు, వాళ్ళ వెనక గంటల మోత. ముందు గోడ అయిపోయింది. కింద రాజమార్గం. కళ్ళు మూసుకుని దూకాడు.

పట్టు పందిరి చిరిగిన చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిస్తే మెత్తటి దిండ్ల మధ్య ఉన్నాడు. ఎదురుగా ఎనభై ఏళ్ళ ముసలావిడ తాంబూలం నములుతూ తననే చూస్తోంది. రాజమాత తారావళీదేవి పల్లకీ అది.

"అబ్బాయీ, నువ్వే పడ్డావా, ఎవరైనా విసిరారా?"

"నేనే పడ్డానమ్మగారూ."

"మంచిది. విసిరితే పిలిచి చివాట్లు పెట్టాల్సొచ్చేది. ఈ ఎండలో అదొక పని." ఆవిడ ముందుకు వంగి గాలి పీల్చింది. "కర్పూరం. దాని వెనక లవంగం. దాని వెనక..." ఆవిడ కళ్ళు సగం మూసుకుపోయాయి. "ఏం లేదులే. నీ గొడవేమిటో చెప్పు. ముఖం ఇటు తిప్పి చెప్పు."

సింగన్న గోళ్ళ గీతల దగ్గర్నుంచి బరిణె దాకా అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ, "మా అత్తను తోసేస్తారమ్మగారూ," అన్నాడు.

"ఇదంతా మా అబ్బాయితో చెప్పాల్సింది."

"మహారాజుగారు మీ మాట వింటారా అమ్మగారూ?"

"నా మాట ఎప్పుడు విన్నాడు గనక! కానీ నా పల్లకీని మాత్రం ఎవరూ ఆపరు." ఆవిడ తెర తొలగించి బోయీలను కేకేసింది. "గద్దముక్కు దగ్గరికి పోనివ్వండర్రా! కుదుపుల సంగతి నేను చూసుకుంటాను, పరుగెత్తండి!"

పల్లకీ చేరేసరికి బారెడు పొద్దు మాత్రమే మిగిలింది. లోయ నిండా కుంకుమ కలిపిన పాలలాంటి వెలుగు. రాయి దగ్గర తివాచీలు పరిచి సభ తీర్చారు. ఇందుశేఖర మహారాజు సింహాసనం మీద బాధగా ముడుచుకుని ఉన్నాడు. మంచివాడే. కానీ ఏ నిర్ణయమైనా తీసుకోగానే, రెండోది మేలేమోనని దిగులు పడే స్వభావం. ఆయన పక్కన, ఇంకా నూనె కారుతూ, జటాఘంటుడు నిలబడి ఉన్నాడు.

పల్లకీలోంచి సింగన్న దిగగానే కత్తులు లేచాయి. వెనక రాజమాత దిగగానే వంగాయి.

"ఒరేయ్ సింగా!" రాయి మీద నుంచి గవరమ్మ అరిచింది. "నువ్వెందుకొచ్చావురా ఇక్కడికి? పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"తిన్నాను అత్తా! ఆ సంగతి ఇప్పుడు వద్దు!"

సింగన్న మహారాజు ముందు మోకరిల్లి గోళ్ళ కథ చెప్పాడు. జటాఘంటుడు నవ్వాడు. "అవి శనిగీతలు మహాప్రభూ. కొలిమివాడికి జ్యోతిషం ఏం తెలుస్తుంది?"

మహారాజు నెమ్మదిగా తన చేతిని ఒళ్ళోకి తీసుకుని, ఎవరూ చూడకుండా గోళ్ళకేసి చూసుకున్నాడు. ఒక తెల్లగీత కనిపించింది. ఆయన కూడా పోయిన నెల పౌర్ణమికే ఆ భస్మం మొదలుపెట్టాడు. చటుక్కున చెయ్యి తొడ కింద దాచుకుని, "పరీక్ష ఏదైనా ఉందా సింగన్నా?" అని పీలగా అడిగాడు.

"ఉంది మహాప్రభూ. పాషాణాన్ని నిప్పు మీద వేస్తే ఒకే ఒక్క వాసన వస్తుంది. కొలిమి దగ్గర ఆ వాసన తగిలితే మేం పని వదిలేసి బయటికి పరుగెత్తుతాం. అచ్చం..." సింగన్న చుట్టూ చూసి గుటక వేశాడు. "అచ్చం వెల్లుల్లి వాసన."

సభ మొత్తం చెవులు మూసుకుంది.

కోట వంటశాలలో ఒక ఆచారం ఉంది. వండిన ప్రతి వంటలోంచీ ఒక గిన్నెడు తీసి, మూతికి మట్టి పూసి, ముద్ర వేసి వారం రోజులు దాచాలి. ఆ పాయసం అలాగే ఉంది. అంతకుముందే అందులో కాస్త రాజమందిరపు పిల్లికి పోశారు. పిల్లి తాగి పడుకుంది. అది చచ్చిందో, ఎప్పటిలా నిద్రపోతోందో తేల్చడానికి ముగ్గురు పండితులను నియమించారు. వాళ్ళు ఇంకా చర్చిస్తున్నారు.

ఆ గిన్నెనూ, సాంబ్రాణి కుంపటినీ తెచ్చి నిప్పులు రగిల్చారు. సింగన్న అందరినీ కుంపటికి దూరంగా నిలబెట్టాడు. "పీల్చకండి. వాసన తగిలితే చాలు," అని హెచ్చరించి, ముందు పాయసం చుక్క వేశాడు.

"ఏ వాసన?" అడిగాడు మహారాజు.

"బెల్లం మాడింది!" ఐదుగురు సభాపెద్దలూ ఒక్క గొంతుతో అన్నారు.

తర్వాత బరిణెలోంచి గోటిమీద నిలిచేటంత భస్మం తీసి నిప్పుల మీద రాల్చాడు. తెల్లటి పొగ సన్నగా లేచింది. దాని వెంట, పదకొండు తరాలుగా ఆ గడ్డ మీద పేరు పలకని వాసన, పోపుగరిట కిందపడేసినంత దర్జాగా సభ మధ్యకు వచ్చి నిలబడింది.

కొందరి నోట్లో నీళ్ళూరి గుటకలు మాత్రం వినిపించాయి.

"ఏ వాసన?" అడిగాడు మహారాజు.

"నాకు జలుబు," అన్నాడు మొదటి పెద్ద.

"సంపెంగ," అన్నాడు రెండోవాడు.

"నాకూ సంపెంగే. కాస్త వాడింది," అన్నాడు మూడోవాడు.

నాలుగోవాడు సంపెంగ అనే మాట కూడా రాక, ఆకాశంకేసి చూస్తూ శ్లోకం అందుకున్నాడు. ఐదోవాడు సేనాపతి. "నాకు ముక్కు పనిచేయదు మహాప్రభూ. యుద్ధంలో పోయింది."

"ఏ యుద్ధంలో? నలభై ఏళ్ళుగా మనకు యుద్ధమే లేదే!"

"అభ్యాసంలో, మహాప్రభూ."

"వెల్లుల్లేరా!" గవరమ్మ రాయి మీద నుంచి కేకేసింది. "ఇక్కడిదాకా గుప్పుమంటోంది! నోళ్ళు పడిపోయాయా అందరికీ?"

"నిందితురాలి ముక్కు చెల్లదు," అన్నాడు జటాఘంటుడు. "ఆమె మేనల్లుడి ముక్కు అసలే చెల్లదు. ఇక వేరే సాక్షి లేడు మహాప్రభూ. పొద్దు వాలుతోంది. ఆజ్ఞ ఇప్పించండి."

నగారా దగ్గర ఇద్దరు మనుషులు కర్రలు చేతిలోకి తీసుకున్నారు. మల్లడు గవరమ్మ భుజం మీద చెయ్యి వేసి, తోయడానికి కాదు, ఊరికే అలా ఉంచాడు. సింగన్న ఒక్కొక్కరి ముఖంలోకి చూశాడు. ద్వారం వదిలి సభకు వచ్చిన గుండప్ప తల వంచుకున్నాడు. వాళ్ళందరికీ తెలుసు. తెలిసినవాళ్ళ మధ్యనే అత్త పోబోతోంది.

"వెల్లుల్లి," అంది ఒక ముసలి గొంతు.

రాజమాత కర్ర పొడుచుకుంటూ కుంపటి దగ్గరికి వచ్చింది.

"అమ్మా!" అన్నాడు మహారాజు.

"ఏమిట్రా అమ్మా? మా పుట్టింట ప్రతి పూటా తినేవాళ్ళం. పదహారేళ్ళ వరకూ ఆ వాసనతోనే పెరిగాను. ఈ కోటకు కోడలిగా వచ్చి అరవై నాలుగేళ్ళు. మీ నాన్నగారి మాట పోతుందని ఆయనున్నన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. ఆయన పోయాక నీ పరువు పోతుందని కట్టుకున్నాను. ఇవాళ ఒక మనిషి ప్రాణం పోతుందంటే కూడా కట్టుకోనా?" ఆవిడ కుంపటి మీదికి వంగబోయింది. "అబ్బ, ఎన్నాళ్ళకు!"

సింగన్న గబుక్కున ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మగారూ! ఇది నిజం వెల్లుల్లి కాదు, విషం. అసలుది నేను తెచ్చిపెడతాను."

"ఎప్పుడు?"

"బతికుంటే రేపే."

"సరే." రాజమాత నిటారుగా నిలబడింది. "మంగలిని పిలవండి. నా తల మీద పద్నాలుగు వెంట్రుకలున్నాయి. చట్టప్రకారం ఏడు తీసుకోమనండి. గాడిద మాత్రం నెమ్మదైనది కావాలి."

ఆ తర్వాత గుండప్ప గొంతు సవరించుకున్నాడు. "మహాప్రభూ, నేనూ... వెల్లుల్లే." సేనాపతి ముక్కు ఉన్నట్టుండి బాగుపడింది. జలుబు తగ్గింది, సంపెంగలు రాలిపోయాయి. నాలుగోవాడు శ్లోకం మధ్యలో ఆపేసి, "వెల్లుల్లే, వెల్లుల్లే" అన్నాడు. 'నేనంటే నేను' అని సభంతా గోల లేచింది.

"కాల్చిన రెబ్బ వాసన ఇది," అన్నాడు మహారాజు తన్మయంగా. "నేతిలో వేయిస్తే ఇంకొంచెం తియ్యగా..."

అందరూ ఆయనకేసి తిరిగారు. మహారాజు దగ్గి, కిరీటం సర్దుకున్నాడు.

"జటాఘంటా! ఈ భస్మం ఆయుష్షు పెంచేదయితే, నువ్వే ఒక చిటికెడు తిని చూపించు."

నూట ఎనిమిది గంటలూ వాటంతట అవే మోగాయి. మరుక్షణంలో జటాఘంటుడు వెనక్కి గెంతి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

లోయలోంచి ఏదో లేచింది. మొదట రెండు చెవులు, తర్వాత బండిచక్రాలంత కళ్ళు, తర్వాత గుడిసె కప్పులంత రెక్కలు. ఏనుగంత గుడ్లగూబ! పాపం, దానికి పగలు కళ్ళు కనపడవు. మంచి నిద్రలోంచి లేపినందుకు విసుక్కుంటూ, అస్తమించే సూర్యుడు సూటిగా కంట్లో పడుతుంటే, అది సభ మీదుగా అడ్డదిడ్డంగా ఎగిరి, రెండు గొడుగులు విరగ్గొట్టి, సేనాపతి తలపాగాను కొమ్మ అనుకుని వాలబోయి, గద్దముక్కు పక్కన తూలుతూ నిలిచింది. జటాఘంటుడు దాని మెడ మీదికి దూకాడు.

"పట్టుకోండి!" అరిచాడు మహారాజు. భటులు పొట్లకాయలు సవరించుకున్నారు.

అదే సమయానికి సూర్యబింబం కొండ అంచును తాకింది. నగారా మొదలైంది.

ఢాం. ఢాం. ఢాం.

దోషి ఎగిరిపోతే రాయి మీద మిగిలేది అత్తే. సింగన్న మరి ఆలోచించలేదు. పరుగెత్తి వెళ్ళి, పైకి లేస్తున్న గుడ్లగూబ కాలిని రెండు చేతులా వాటేసుకున్నాడు. పాదాల కింద నేల పోయింది.

"ఒరేయ్, గుర్రం ఎక్కడమే రాదు నీకు!" అంటూ గవరమ్మ మల్లడి చెయ్యి విదిలించుకుని, రాయి అంచు నుంచి గాలిలోకి దూకి మేనల్లుడి కాళ్ళు పట్టుకుంది. గుడ్లగూబ ఒక్కసారి కిందికి కుంగింది, 'హూఁ' అని నిట్టూర్చింది, రెక్కలు కొట్టుకుంటూ లోయ మీదికి లేచిపోయింది.

మల్లడు ఖాళీ రాయి మీద నిలబడి తల గోక్కున్నాడు. "మహాప్రభూ, తొయ్యాల్సినావిడ పైకెగిరింది. ఇప్పుడేం చెయ్యను?"

నగారా ఆగితే చట్టం మీరినట్టే. దోషి లేడు, నిందితురాలూ లేదు. ఆగాక తిరిగి వచ్చినా గవరమ్మ దోషిగానే మిగులుతుంది. పెద్దలు ఐదుగురూ ఐదు శాస్త్రాలు తిరగెయ్యబోయారు. ఇందుశేఖర మహారాజు జీవితంలో మొదటిసారి, రెండో ఆలోచన లేకుండా లేచి నిలబడ్డాడు.

"నగారా ఆపకండి."

"ఎంతసేపు మహాప్రభూ?" నగారావాళ్ళు అడిగారు.

"వాళ్ళు తిరిగి వచ్చేదాకా. దోషిని ఈ రాయి మీద నిలబెట్టేదాకా."

"రెండు రోజులైతే?"

"మీ తమ్ముళ్ళను పిలవండి."

"నెలైతే?"

"ఊరందరినీ పిలవండి. మొదట నేను కొడతాను. కర్ర ఇటివ్వండి."

లోయకు అవతల, మబ్బుల అంచున, గుడ్లగూబ ఒక కొండను చూసుకోక గుద్దుకోబోయి పక్కకు ఒరిగింది. పైన మాంత్రికుడు మంత్రం మొదలుపెడుతున్నాడు. కింద సింగన్న చేతులు జారుతున్నాయి.

"అత్తా! గట్టిగా పట్టుకో!"

"నేను పట్టుకునే ఉన్నాను, నువ్వు పట్టు వదలకు! ఒరేయ్, విను. ఆ నగారా ఇంకా ఆగలేదురా, వీణ్ణి వెనక్కి తిప్పితే చాలు."

సింగన్న విన్నాడు. వెనక ఎక్కడో దూరంగా, కాస్త తాళం తప్పుతూ, మోగుతూనే ఉంది. అతను పళ్ళ బిగువున ఒక చెయ్యి వదిలి, పైన ఊగుతున్న మాంత్రికుడి జడల్లో అందిన మొదటిదాన్ని పట్టుకుని లాగాడు.